మేడమ్, మీరు బ్రష్ చేసుకోరా?



జూన్‌లో కొత్త సెక్షన్‌లోకి అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఏటా నాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఏడాదీ తప్పలేదు. మూడో తరగతి రీడింగ్ పీరియడ్‌లో ‘థింక్’, ‘త్రీ’, ‘టూత్’ అనే మాటలు పలికిస్తున్నాను. ఆ శబ్దం సరిగ్గా రావాలంటే నాలుక కొసను పళ్ల మధ్య ఆనించి గాలి వదలాలి. అదెలాగో చూపించాలంటే టీచర్ నోరు తెరవాల్సిందే, పళ్లు కనపడాల్సిందే. ముందు బెంచీలో కూర్చున్న పాప చేయెత్తింది. ఏదో డౌట్ అనుకున్నాను.

“మేడమ్, మీరు బ్రష్ చేసుకోరా?”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, చిన్నప్పటి అలవాటు కొద్దీ, చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ పాప అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ జవాబు చెప్పాలంటే మా ఊరి నీళ్ల గురించి చెప్పాలి. మా ఊరి నీళ్ల గురించి చెప్తే, టీచర్‌గా నేను చేసిన ఒక తప్పు గురించీ చెప్పాలి. అందుకే ఈ నెల ఈ పేజీ నాకు కావాలని అడిగి తీసుకున్నాను.

మా ఊరి నీళ్లు

నా ముందు పళ్ల మీద గోధుమరంగు మరకలు ఉంటాయి. రోజుకు పదిసార్లు తోమినా అవి పోవు. ఎందుకంటే అది పన్ను మీద పట్టిన పాచి కాదు, పన్ను తయారైనప్పుడే లోపల చేరిన మరక.

మాది పాత నల్గొండ జిల్లా. మర్రిగూడ, మునుగోడు, చండూరు పేర్లు మీరు పేపర్లో చదివే ఉంటారు. అక్కడ నేల అడుగున ఉన్న గ్రానైటు రాయి నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి దిగుతుంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు పరవాలేదని మన దేశ ప్రమాణాలు చెప్తాయి. మా వైపు చాలా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పసిపిల్లల దవడ లోపల శాశ్వత దంతాలు తయారయ్యే ఏళ్లలో అలాంటి నీళ్లు తాగితే పంటి పైపొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే తెల్ల చారలో గోధుమరంగు మచ్చలో పడి ఉంటాయి. దీన్నే దంత ఫ్లోరోసిస్ అంటారు.

పళ్ల మీద మచ్చలు మా ఊళ్లో పెద్ద విషయమే కాదు. పెద్ద విషయం ఎముకలు. మా నాయనమ్మ మెడ తిప్పలేకపోయేది. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. నడుము వంగిపోయి, కట్టె పట్టుకుని, నేలను చూస్తూ నడిచేది. అందరి నాయనమ్మలూ అలాగే ఉంటారని నేను పదేళ్లు వచ్చేదాకా అనుకున్నాను.

నేను పుట్టింది 1996లో. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. గెలుస్తామని కాదు, మా తాగునీటి గోడు దేశానికి తెలియాలని. బ్యాలట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. మా నాన్న ఆ కథ ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడు మా ఊరికి పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. మా అన్న కూతురికి ఈ మధ్యే ముందు పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. తెల్లగా ఉన్నాయి. మా వదిన ఆ ఫొటో పంపిస్తే ఫోన్ పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్లోరైడ్ అన్న మాట నాకు సైన్సు పుస్తకంలో పాఠం కాదు. మా ఇంట్లో కూర్చున్న శత్రువు. ఆ కోపంతోనే నేను తప్పు చేశాను.

పీటీఎంలో నేను చెప్పిన మాట

కొన్నేళ్ల కిందట ఒకటో తరగతి పీటీఎంలో ఒక బాబు తల్లి నన్ను అడిగారు. “మేడమ్, మా బాబుకు ఏ పేస్టు వాడాలె? ఫ్లోరైడ్ మంచిది కాదని వాట్సాప్‌ల వచ్చింది. మీది నల్గొండ గద, మీకు తెలుస్తది.”

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా పళ్లు చూపించి, “చూశారు కదండీ, ఫ్లోరైడ్ జోలికే పోకండి” అన్నాను. టీచర్ మాట, అందులోనూ బాధపడిన మనిషి మాట. ఆమె అదే రోజు ఫ్లోరైడ్ లేదని పెట్టె మీద రాసి ఉన్న పేస్టు కొన్నారు. నేను ఆ సంగతి మర్చిపోయాను.

రెండేళ్లకు అదే బాబు మూడో తరగతిలో మళ్లీ నా సెక్షన్‌కి వచ్చాడు. ఒకటో తరగతిలో గలగలా చదివినవాడు ఇప్పుడు లేపి నిలబెడితే గొణుగుతున్నాడు. రెండుసార్లు చెప్పాను, మూడోసారి కసిరాను. డైరీలో “రీడింగ్‌లో నోరు తెరవడం లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి” అని ఎర్ర ఇంకుతో రాశాను. లంచ్‌లో టిఫిన్ బాక్స్ సగం నిండుగానే మూసేస్తుంటే అల్లరి అనుకున్నాను. మెత్తటి ఇడ్లీ కూడా ఒకవైపు దవడతోనే నములుతున్నాడని గమనించింది నేను కాదు, మా ఆయమ్మ.

యూనిట్ టెస్ట్ రోజు కుడి చెంప వాచి వచ్చాడు. నొప్పిగా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. టెస్ట్ రాయనివ్వరేమోనని వాడి భయం. ఫోన్ చేస్తే వాళ్లమ్మ అరగంటలో వచ్చారు. “పిప్పి పన్ను ఉన్నది మేడమ్. పాలపళ్లే గద, ఎట్లయినా ఊడిపోతయి అని ఊకున్న” అన్నారు.

అది పాలపన్ను కాదు. డాక్టర్ చూసి చెప్పేదాకా ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఆరేళ్ల వయసులో, పాలపళ్లన్నిటి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు పెద్ద దవడ పళ్లు మొలుస్తాయి. పైన రెండు, కింద రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి అవి కొత్తగా వచ్చాయని ఇంట్లో ఎవరూ గుర్తించరు. అవే జీవితాంతం ఉండాల్సిన పళ్లు. ఆ బాబుకు వాటిలో ఒకటి లోపలి నరం దాకా పుచ్చిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ పంటి వేరు కొస ఇంకా పూర్తిగా తయారై ఉండదు. అందుకని పెద్దవాళ్లకు చేసినట్టు ఒకటి రెండు సిట్టింగుల్లో రూట్ కెనాల్ చేసి ముగించడం కుదరదు. నెలల తరబడి తిరగాలి.

మర్నాడు ఆమె స్కూలుకు వచ్చి ఇదంతా చెప్పారు. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. మాటల మధ్యలో మామూలుగా, “మీరు చెప్పిన కాడి నుంచి ఆ పేస్టే వాడుతున్నం మేడమ్” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ శనివారం నేను కూడా వాళ్లతో క్లినిక్‌కి వెళ్లాను. పేస్టు సంగతి డాక్టర్ ముందు ఒప్పుకున్నాను. “పన్ను పుచ్చడానికి పేస్టు ఒక్కటే కారణం కాదండీ. బాబు ఏం తింటున్నాడు, రోజుకు ఎన్నిసార్లు తింటున్నాడు అన్నది మొదటి సంగతి” అని ఆయన ఓపిగ్గా చెప్పారు. చివర్లో నవ్వుతూ ఇంకో మాట అన్నారు. “వాన మీ వల్ల రాలేదు మేడమ్. కానీ గొడుగు తీసేసింది మీరే.”

ఆ తల్లి అనుమతితోనే ఇది రాస్తున్నాను. “రాయండి మేడమ్, ఇంకొకరన్న చూసుకుంటరు” అన్నారామె.

మరకా అదే, మందూ అదే

ఆ తర్వాత కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో గత శతాబ్దం మొదట్లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ప్రాక్టీసు పెట్టాడు. అక్కడి పిల్లల పళ్లకు అచ్చం నా పళ్ల మీద ఉన్నలాంటి గోధుమరంగు మరకలు. చాలా ఏళ్లు పరిశీలించాక ఆయనకు ఒక వింత కనిపించింది. ఆ మరక పళ్లు అంత తేలిగ్గా పుచ్చవు. దీనికి కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. మరక పడనంత తక్కువ మోతాదులో ఇస్తే పళ్లకు రక్షణ దొరుకుతుందా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. ఇవాళ మన టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉండడానికి మూలం అదే. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్న సంగతి వైద్య పత్రికకెక్కింది. ఒకే పదార్థం. ఒకచోట మందు, ఒకచోట విషం. తేడా అంతా మోతాదులో, అది ఒంట్లోకి వెళ్లే దారిలో ఉంది.

మా ఊళ్లో మేం ఫ్లోరైడ్‌ను లీటర్ల కొద్దీ మింగాం, పుట్టినప్పటి నుంచీ, ప్రతిరోజూ. పేస్టులోని ఫ్లోరైడ్ మింగేది కాదు. అది పంటిని తాకి, పైపొరలోంచి కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చడానికి సాయపడి, ఉమ్మితో బయటికి పోవాలి. ఇన్నేళ్లూ నేను ఈ రెండింటినీ ఒకటిగా చూశాను.

మన బ్రాంచి పిల్లల సంగతి ఆలోచించండి. ఎక్కువ మంది తాగేది ఆర్వో ఫిల్టర్ నీళ్లు. ఆర్వో మిగతా లవణాలతో పాటు ఫ్లోరైడ్‌ను కూడా చాలావరకు తీసేస్తుంది. అంటే మా ఊరి సమస్య మీ పిల్లలకు లేదు, ఆ పళ్లకు దొరికిన కాస్త గట్టిదనమూ లేదు. వాళ్లకు మిగిలింది పేస్టులోని ఫ్లోరైడే. మీలో ఎవరైనా సొంతూళ్లో బోరు నీళ్లు తాగుతుంటే, అపార్టుమెంటులో బోరు నీళ్లే తాగడానికి వాడుతుంటే మాత్రం ఆ నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ముందు తాగే నీళ్లు మార్చండి. పేస్టు సంగతి డాక్టర్‌ను అడగండి. ఎవరి పళ్లో చూసి నిర్ణయించకండి, నావైనా సరే.

ఎంత కాదు, ఎన్నిసార్లు

ఇక డాక్టర్ చెప్పిన మొదటి సంగతి, తిండి.

మన అందరి నోళ్లలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్న చక్కెరను అదీ తిని ఆమ్లాన్ని వదులుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనే పళ్ల మీద పులుపు పెరుగుతుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం మెల్లగా ఆ పులుపును తగ్గించి, కరిగినదాన్ని తిరిగి పూడుస్తుంది. దానికి అరగంట పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఈలోగా నోట్లో ఇంకో బిస్కెట్ పడితే ఆ రిపేరు ఆగిపోయి మళ్లీ కరగడం మొదలవుతుంది.

1940లలో స్వీడన్‌లోని విపెహోమ్ అనే ఆసుపత్రిలో, బుద్ధి ఎదగని రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. కావాలని జిగురు టాఫీలు తినిపించి ఎవరి పళ్లు ఎలా పుచ్చుతాయో చూశారు. నోరు విప్పి వద్దనలేని మనుషుల మీద చేసిన ఆ పని అన్యాయమని తర్వాత లోకమంతా ఒప్పుకుంది. కానీ వాళ్ల బాధ వల్ల ఒక నిజం బయటపడింది. భోజనంతో పాటు తిన్న తీపి కన్నా, భోజనాల మధ్య మాటిమాటికీ తిన్న, పళ్లకు అంటుకునే తీపి ఎంతో ఎక్కువ హాని చేస్తుంది.

ఇది విన్నాక నా క్లాసులో ఒక పని చేశాను. మ్యాథ్స్‌లో వాళ్లకు టాలీ గీతలు వస్తున్నాయి. “నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో ఏం పెట్టుకున్నా ఒక గీత గీయండి, మంచినీళ్లకు తప్ప” అన్నాను. మర్నాడు ఒక పాప పదకొండు గీతలతో వచ్చింది. పొద్దున హెల్త్ డ్రింక్ కలిపిన పాలు. ఇడ్లీ. వ్యాన్‌లో క్రీమ్ బిస్కెట్. స్నాక్స్ బ్రేక్‌లో కేకు. లంచ్. మధ్యాహ్నం ఎవరిదో బర్త్‌డే చాక్లెట్. వ్యాన్‌లో మ్యాంగో జ్యూస్. ఇంటికెళ్లాక చిప్స్. ట్యూషన్‌కి ముందు బెల్లం పల్లీ పట్టీ. రాత్రి అన్నం. పడుకునే ముందు చక్కెర వేసిన పాలు. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు, ప్రేమగా పెట్టినవే. కానీ వరసగా చూస్తే ఆ పాప పళ్లకు పొద్దుటి నుంచి రాత్రి దాకా విశ్రాంతి లేదు.

పన్నెండో గీత ఒకటి ఉంది, పాప గీయలేదు. డిక్టేషన్‌లో పదికి పది వచ్చినందుకు నేను ఇచ్చిన టాఫీ. నా డ్రాయర్లో ఎప్పుడూ ఒక ప్యాకెట్ ఉండేది. బీఈడీలో ప్రోత్సాహం గురించి చదువుకుని వచ్చి నేను పాటించిన పద్ధతి అది.

మరి ఏం పెట్టాలంటారా? బెల్లం, తేనె, ఖర్జూరం, కిస్‌మిస్ ఒంటికి మంచివే కావచ్చు, పంటికి మాత్రం అవీ తీపే, పైగా అంటుకుంటాయి. పెట్టాలనుకుంటే భోజనంతో పాటే పెట్టండి. చిప్స్ ఉప్పగా ఉన్నా దవడ పళ్ల సందుల్లో ముద్దలా ఇరుక్కుంటాయి. స్నాక్స్ డబ్బాలోకి ఉడకబెట్టిన పల్లీలు, శనగ గుగ్గిళ్లు, కీరా, క్యారెట్, జామకాయ ముక్కలు, గుడ్డు, పన్నీర్ పంపండి. దాహానికి నీళ్లు లేదా మజ్జిగ. ప్యాకెట్ ఏదైనా కొంటే వెనక చక్కెర ఎన్ని గ్రాములో చూసి నాలుగుతో భాగించండి. సుమారుగా అన్ని టీస్పూన్లు. పిల్లల చేతే భాగహారం చేయించండి, నా పని కూడా తగ్గుతుంది.

పండగలు మానమని నేను అనను. మా ఇంట్లో బొబ్బట్లను బక్షాలు అంటాం. ఉగాదికి అన్నంతో పాటు రెండు తింటే పళ్లేమీ ఊడిపోవు. మిగిలినవి డబ్బాలో పెట్టి మూడు రోజులు గంటకొక ముక్క తింటేనే ఇబ్బంది.

ఆరేళ్లకు వచ్చే ఆరో పన్ను

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ పాపనో బాబునో ఒళ్లో పడుకోబెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి నోరు తెరవమనండి. ముందు పళ్ల మధ్య గీత నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆ వెనకాల ఆరో పన్ను కనపడితే అదే నేను చెప్పిన ఆరేళ్ల పన్ను. అది పాలపన్ను కాదు. దాని మీద నల్లటి గీతో గుంటో కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, డాక్టర్‌కు చూపించండి. నొప్పి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. పన్ను బాగానే ఉంటే, దాని పైన ఉండే లోతైన గీతలు పూడ్చే సీలెంట్ వేయించాలా అని అడగండి. డ్రిల్లింగ్ ఉండదు, నొప్పి ఉండదు.

పాలపళ్లను కూడా వదిలేయకండి. వెనకవైపు పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అంటే అయిదారు తరగతులు వాటితోనే నమలాలి. అవి ముందే పోతే, వెనక నుంచి వచ్చే పళ్లు పక్కకు జరిగి వరస చెడిపోవచ్చు.

బ్రష్ చేయడం గురించి నాకు తెలిసిన కొలత ఒకటుంది. ఫోర్ రూల్డ్ నోట్‌బుక్‌లో గీత దాటకుండా రాయలేని చేయి వెనక పళ్ల దాకా వెళ్లి శుభ్రం చేయలేదు. కాబట్టి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్లు తోముకున్నాక మీరొకసారి తోమండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా పిండకండి. ఉమ్మడం నేర్పండి, మింగనివ్వకండి. పేస్టులో ఫ్లోరైడ్ ఎంతో ట్యూబు మీద పీపీఎం అని రాసి ఉంటుంది. మన దేశంలో 1000 దాటకూడదు. మరీ తక్కువ ఉన్న తీపి రుచుల పేస్టులతో ఆశించినంత రక్షణ దొరకదు. ఏది వాడాలో మీ డాక్టర్‌ను అడగండి. ఉమ్మేశాక గ్లాసుల కొద్దీ నీళ్లు పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

రోజూ రెండుసార్లు తోమాలి. ఒక్కసారే కుదిరే రోజు వస్తే రాత్రిది మానకండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్లకు కాపలా ఉండదు. రాత్రి బ్రష్ తర్వాత మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. పాలు ఇవ్వాలనుకుంటే బ్రష్‌కి ముందే ఇవ్వండి. తియ్యటి దగ్గు సిరప్ వేసినా తర్వాత ఒకసారి తోమించండి.

మా వైపు నుంచి

నేను నా డ్రాయర్లో టాఫీ ప్యాకెట్ తీసేశాను. ఇప్పుడు పదికి పది వస్తే ఆ రోజు బోర్డు మీద తేదీ రాసే అవకాశం వాళ్లదే. మీరు నమ్మరు, టాఫీ కన్నా దీనికే పోటీ ఎక్కువ. మా సెక్షన్‌లో పుట్టినరోజుకు చాక్లెట్లు పంచే బదులు పెన్సిలో, క్లాసు లైబ్రరీకి ఒక కథల పుస్తకమో ఇవ్వమని అడుగుతున్నాం. చాలామంది తల్లిదండ్రులు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకరిద్దరు “మా వాడికి చిన్నతనంగా ఉంటుంది మేడమ్” అన్నారు. వాళ్లనూ అర్థం చేసుకున్నాను. మీ సెక్షన్‌లో కూడా ఇలా చేయాలనిపిస్తే మీ క్లాస్ టీచర్‌తో మాట్లాడండి.

ఇంకో మార్పు కూడా ఉంది. పిల్లలు రీడింగ్‌లో గొణిగితే, టిఫిన్ మిగిలిస్తే డైరీలో ఎర్ర ఇంకుతో రాసే ముందు “నోరు నొప్పిగా ఉందా?” అని అడుగుతున్నాను. మీరూ అడగండి. మార్కులు ఎందుకు తగ్గాయని అడిగే ముందు ఒకసారి అడగండి.

ఆ బాబు ఇప్పుడు నాలుగో తరగతి. పన్ను నిలిచింది, దానికి క్యాప్ వేశారు. ఇంకా కొన్నేళ్లు డాక్టర్ చూస్తూ ఉండాలి. మొన్న వరండాలో కనపడి, నేను అడక్కుండానే నోరు తెరిచి చూపించి పరిగెత్తాడు. వాళ్లింట్లో పేస్టు మారింది. పేస్టుతో పాటు వ్యాన్‌లో బిస్కెట్ కూడా పోయిందని వాళ్లమ్మ చెప్పారు.

ఇక జూన్‌లో నన్ను ప్రశ్న అడిగిన పాప. ఆ రోజు క్లాసు సద్దుమణిగాక నేను చేయి దించేసి చెప్పాను. “బ్రష్ చేసుకుంటాను నాన్నా, రోజుకు రెండుసార్లు. ఇవి మా ఊరి నీళ్ల గుర్తులు. నా చిన్నప్పుడు మంచి నీళ్లు లేవు. నీకు ఉన్నాయి. అందుకే నీ పళ్లు ఎలా ఉండాలన్నది చాలావరకు నీ చేతుల్లోనే ఉంది.” ఆ పాప కాసేపు ఆలోచించి, “అమ్మ చేతుల్లో కూడా ఉంది మేడమ్, స్నాక్స్ అమ్మే కదా పెట్టేది” అంది.

పిల్లల మాటకు ఎదురు చెప్పలేను. అందుకే ఆ మాట మీకు చేరవేస్తున్నాను.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్